‘పోయిందే పోయాం’ అనే లెక్క తప్పు

బేగంపేట ఫ్లైఓవర్ దిగి గ్రీన్‌ల్యాండ్స్ మీదుగా అమీర్‌పేటకో పంజాగుట్టకో వెళ్తుంటే ట్రావెల్ ఆఫీసుల అద్దాల మీద ఒకటే వాగ్దానం కనిపిస్తుంది: పది రోజులు, ఐదు దేశాలు. లోపలికెళ్లి అడిగితే దక్షిణ యూరప్ సముద్రతీరం అంటారు. బార్సిలోనాలో మొదలు. నీస్, మొనాకో, చింక్వె తెర్రె, పీసా, రోమ్, వాటికన్, పాంపే దాటుకుని నేపుల్స్‌లో ముగింపు. ఇన్ని పేర్లు ఒక్క కాగితం మీద చూశాక ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఈ మాట అమ్మేవాళ్లది మాత్రమే అయితే పోట్లాడాల్సిన పని లేదు. కొనేవాళ్లదీ అదే మాట. పోయిందే పోయాం, అన్నీ చుట్టేసి వద్దాం. విమానం టికెట్లకు ఎలాగూ పెట్టాం, వీసాకు ఎలాగూ కట్టాం, ఇంకో రెండు ఊళ్లు కలిపితే పోయేదేముంది? మళ్లీ వెళ్తామో లేదో. ఇంటాయన అంటాడు, వియ్యపురాలు అంటుంది, పక్క ఫ్లాట్ వాళ్లు అంటారు, చివరికి అమెరికా నుంచి ఫోన్‌లో తమ్ముడూ అదే అంటాడు. ఇంతమంది ఒప్పుకున్నారంటే నిజమే అయ్యుంటుందని మిగతావాళ్లు సర్దుకుంటారు. నేను ఒప్పుకోను. కుటుంబమంతా కలిసి వెళ్లే ప్రయాణాన్ని ఇంతకన్నా పాడుచేసే ఆలోచన ఇంకోటి లేదు. ఆ నష్టం భరించేది కూడా ఆలోచన చేసినవాళ్లు కాదు. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లూ, అందరికన్నా చిన్నవాళ్లూ.

అసలు వెళ్తున్నది ఎవరు? అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఇరుకు హాస్టల్ గదుల్లో ఉండి కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని ఉద్యోగాల్లో కుదురుకున్న తరం ఇప్పుడు నలభైల్లో ఉంది. వాళ్ల పిల్లలు బడి వయసులో ఉన్నారు. వాళ్లను చదివించడానికి పొలమో బంగారమో అమ్ముకున్న తల్లిదండ్రులు డెబ్బైల్లో పడ్డారు. అమ్మానాన్నలకు కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే ఒక్కసారి తిప్పుకురావాలన్న కోరికతోనే చాలా ఇళ్లలో ఈ ప్రయాణం మొదలవుతుంది. చుట్టుపక్కల వాళ్లకు వీసా ఫారాలు నింపడంలో చెయ్యి సాయం చేస్తుంటాను కాబట్టి ఆ కోరిక ఎంత నిజమైనదో నాకు తెలుసు. అంత మంచి కోరికను తీసుకెళ్లి బస్సులో కూలేస్తున్నారనే నా బాధ.

అలాంటి ప్రయాణ పట్టిక ఒకటి నా దగ్గరుంది. ఏ సంస్థదో ఇక్కడ అనవసరం, అందరివీ ఇంచుమించు ఒకే తీరు. నాలుగో రోజు ఇలా ఉంది: ఉదయం 6.00 వేకప్ కాల్, 6.30కు బ్యాగులు గది బయట, 7.00 బ్రేక్‌ఫస్ట్, 7.45కు కోచ్ బయల్దేరును. సాయంత్రానికి నీస్ చేరిక, 7.30కు ఇండియన్ డిన్నర్, ఊరి శివార్లలో బస. ఐదో రోజు: నీస్‌లో ప్రామనాడ్ దెజాంగ్లె వద్ద ఫొటో స్టాప్ 30 నిమిషాలు, మొనాకోలో ఒక గంట, తర్వాత ఇటలీలోని లా స్పెజియాకు ప్రయాణం. ఆరో రోజు: చింక్వె తెర్రెలోని ఐదు పల్లెల్లో రెండింటి సందర్శన, పీసా వాలుగోపురం, రాత్రికి ఇంకో ఊరు. ఏడో రోజు మళ్లీ 6.30కు బ్యాగులు గది బయట.

ఈ పట్టికను ఊళ్ల పేర్లు చూస్తూ కాకుండా కిలోమీటర్లు వేసుకుంటూ చదవాలి. బార్సిలోనా నుంచి నీస్‌కు రోడ్డు మీద సుమారు 660 కిలోమీటర్లు. ఫ్రాన్స్ హైవేల మీద కోచ్‌కు గంటకు వంద దాటే అనుమతి లేదు. యూరోపియన్ యూనియన్‌లో కోచ్ డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక కచ్చితంగా 45 నిమిషాలు ఆగాలి. రోజుకు తొమ్మిది గంటలు మించి నడపకూడదు, వారంలో రెండుసార్లు మాత్రం పది దాకా వెళ్లొచ్చు. మామూలుగా రాత్రి పదకొండు గంటల విశ్రాంతి ఉండాలి. ఇవన్నీ బండిలోని టాకోగ్రాఫ్‌లో నమోదవుతాయి, తప్పితే జరిమానా. ఇది చాలా మంచి చట్టం, మన రోడ్ల మీదా ఇలా అమలు కావాల్సింది. కానీ దీని అర్థం ఏమిటి? పొద్దున ఎన్నింటికి బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో, రాత్రి ఎన్నింటికి గది చేరాలో సముద్రం నిర్ణయించడం లేదు, ఊరు నిర్ణయించడం లేదు, మీ అమ్మ మోకాళ్లు అసలే నిర్ణయించడం లేదు. డ్రైవర్ గంటలు నిర్ణయిస్తున్నాయి. భోజనం, బాత్రూమ్ విరామాలు కలుపుకుంటే నాలుగో రోజంటే రోజంతా హైవే. మొత్తం ప్రయాణంలో రోడ్డు మీది దూరం కూడితే పదహారు వందల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి బస్సులో పోయినంత.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దమ్మ పోయిన వేసవిలో ఇలాగే వెళ్లొచ్చింది. సిద్దిపేట వైపు మనిషి, సముద్రం ఎన్నడూ చూడలేదు. సముద్రం చూపిస్తామనే కొడుకూ కోడలూ తీసుకెళ్లారు. వచ్చాక పలకరించడానికి వెళ్తే కాళ్లు రెండూ స్టూల్ మీద పెట్టుకుని కూర్చుంది. మడమల దగ్గర వాపు ఇంకా తగ్గలేదు. సముద్రం ఎట్లుంది పెద్దమ్మా అనడిగాను. “అద్దంలకెళ్లి చూసిన బిడ్డా. నీల్లు ముట్టలే” అంది. పీసాలో కోచ్‌లను గోపురం దాకా రానివ్వరు, ఊరి అంచున ఆపి అక్కడినుంచి నడిచో షటిల్ ఎక్కో పోవాలి. అప్పటికే ఆమె నడవలేని స్థితిలో ఉంది. మిగతావాళ్లు వెళ్లొచ్చేదాకా పార్కింగ్‌లో కోచ్ మెట్టు మీద కూర్చుంది. మనవడికి ఏడేళ్లు. ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఆ గోపురం ఎక్కనివ్వరు. వాడు కింద గడ్డిలో నిలబడి చేత్తో గోపురాన్ని ఆపుతున్నట్టు ఫొటో దిగి వచ్చాడు. అంటే ఆ పూట అక్కడికి పోవడం వల్ల ఆ ఇంట్లో పెద్దామెకూ ఒరిగింది లేదు, చిన్నోడికీ ఒరిగింది లేదు. కొడుకు మాత్రం ఇప్పటికీ పీసా కూడా కవర్ చేశామనే చెప్తాడు. అతన్ని తప్పుపట్టను. అతనికి ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పలేదు.

డబ్బు లెక్కకు వద్దాం, ఎందుకంటే ‘పోయిందే పోయాం’ అనేవాళ్ల ప్రధాన బలం అదే. 2024 జూన్ నుంచి షెంగెన్ వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. తాత, నానమ్మ, భార్యాభర్త, ఎనిమిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు వెళ్తే 405 యూరోలు, మన డబ్బులో నలభై వేల పైచిలుకు. దరఖాస్తు కేంద్రం వాళ్ల ఛార్జీలు వేరే. విమానం టికెట్లు దీనికి ఎన్నో రెట్లు. ఇదంతా నిజమే. కానీ ఈ ఖర్చు ఒక ఊరు చూసినా అంతే, ఎనిమిది ఊళ్లు చూసినా అంతే. తేడా వచ్చేది ఆ తర్వాతి ఖర్చులో. ఊరు మారిన ప్రతిసారీ కోచ్‌కు, హైవే టోల్‌కు, నగరాలు కోచ్‌ల మీద వేసే ప్రవేశ రుసుముకు, కొత్త హోటల్‌కు, కొత్త గైడ్‌కు మీరే కడుతున్నారు. ఆ ఖర్చు ప్యాకేజీ ధరలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి కనపడదు. ‘ఇంకో రెండు ఊళ్లు కలిపితే పోయేదేముంది’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే: పోయేది చాలా ఉంది. డబ్బు పోతుంది, నిద్ర పోతుంది, ముందు అనుకున్న ఊళ్లో ఉండాల్సిన గంటలు పోతాయి.

దేశాల లెక్క సంగతి కూడా చెప్పాలి. ఐదు దేశాల్లో మొనాకో ఒకటి, దాని విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్లు. వాటికన్ ఇంకొకటి, అది అర చదరపు కిలోమీటరు కూడా లేదు. రోమ్ నగరంలో రోడ్డు దాటితే వచ్చేది అది. ఈ రెండింటినీ దేశాలుగా కూడి అంకె పెంచడం మాటల గారడీ. నమ్మి డబ్బు కట్టే కుటుంబానికి ముందే ఈ విషయం చెప్పాలి.

ఒక పెద్దాయన నాతో వాదించాడు: తిరుమలలో రెప్పపాటు దర్శనానికి రోజంతా పోతుంది, అయినా జన్మ ధన్యమైందనుకోవడం లేదా, ఊరు చూడటానికీ అరగంట చాలదా అని. ఆ పోలిక ఆయన వైపు నిలబడదు. కొండ మీద ఆ రెప్పపాటుకు ముందు మొక్కు ఉంది, మెట్లెక్కడం ఉంది, తలనీలాలు ఉన్నాయి, క్యూ కాంప్లెక్స్‌లో పక్కవాడి బిడ్డను ఎత్తుకోవడం ఉంది, తెల్లవారుజామున సుప్రభాతం వినపడటం ఉంది. ఆ రెప్పపాటు కాలం ఇన్ని గంటల మీద కూర్చుని ఉంది. కోచ్ దిగి, ఫొటో దిగి, మళ్లీ కోచ్ ఎక్కే అరగంట కింద ఏముంది?

మనవాళ్లకు యాత్ర చేయడం రాదని కాదు. వచ్చు, బాగా వచ్చు. కాశీ వెళ్తే తొమ్మిది నిద్రలు చేయాలన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిన నియమం. మిగతా క్షేత్రాల్లో కనీసం మూడు నిద్రలు. వెళ్లామా, దండం పెట్టామా, వచ్చామా అన్నదాన్ని మన పెద్దలు యాత్ర కింద జమకట్టలేదు. ఊళ్లో రాత్రి గడపాలి, తెల్లారి లేవాలి, ఆ నీళ్లతో స్నానం చేయాలి, అక్కడి కూరగాయలు కొని వండుకోవాలి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయల్దేరి, మన హైదరాబాద్ మీదుగా కాశీ వెళ్లి, 1831లో తిరిగొచ్చాడు. పదిహేను నెలలు పట్టింది. ఆయన కాశీయాత్ర చరిత్రను నేటికీ చదువుతున్నామంటే మజిలీల్లో ఆగి, ఊరి నీళ్లు ఎలా ఉన్నాయో, బజార్లో ఏం దొరుకుతుందో గమనించి రాసుకున్నాడు కాబట్టే. మనకు పదిహేను నెలలు లేవు, పది రోజులే ఉన్నాయి. ఆ పది రోజుల్లో తొమ్మిది నిద్రలు ఒక్కచోట చేయడానికి అడ్డేమిటి? కాశీలో తొమ్మిది నిద్రలు చేసొచ్చిన నానమ్మను ఆరు హోటళ్లు తిప్పుతున్న మనం ఆమె ఎరిగినంత కూడా ఎరగం.

ఒక్కచోట నిలిచి చూడటానికి బేగంపేటలోనే ఒక గొప్ప సాక్ష్యం ఉంది, రోజూ దాని పక్కనుంచే ఆఫీసులకు వెళ్తున్నాం. పైగా వంశపు ప్రభువు, నిజాం రాజ్యానికి ప్రధానిగా చేసిన సర్ వికారుల్ ఉమ్రా, స్పెయిన్ చూసి వచ్చాక ఇక్కడ ఒక మసీదు తలపెట్టాడు. మస్జిద్ ఇక్బాలుద్దౌలా దాని పేరు. ఊరంతా స్పానిష్ మసీదు అంటుంది. 1900లో పని మొదలైంది. 1902లో ఆయన పోయాక కొడుకు సుల్తానుల్ ముల్క్ 1906కు పూర్తిచేశాడు. హైదరాబాద్‌లోని మిగతా మసీదుల్లాంటి గుమ్మటాలూ మినార్లూ కావు దానివి. కొనదేలిన శిఖరాలు, లోపల గుర్రపు నాడా ఆకారపు తోరణాలు. ఆ తోరణాలకు మూలం దక్షిణ స్పెయిన్‌లోని కోర్డోబా మసీదు. 785లో మొదలైన ఆ కట్టడంలో ఎనిమిది వందలకు పైగా స్తంభాలున్నాయి, 1236 నుంచి అది చర్చి. స్పెయిన్‌లోని ఆ ఒక్క కట్టడం ఆయన మనసులో ఎంత లోతుగా నిలిచిందంటే, సముద్రాలవతల బేగంపేటలో సున్నం, రాయిగా మళ్లీ లేచింది. అలాగే మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ నుంచి తెచ్చిన ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ. బెంజోనీ అనే శిల్పి చెక్కిన ఆ రాతి ముసుగు వెనక ముఖం ఎలా కనిపిస్తోందో అర్థం కావాలంటే దాని ముందు కాసేపు కదలకుండా నిలబడాలి. ఈ నగరంలో యూరప్ తీరాన్ని చూసొచ్చినవాళ్లు ఒక్కదాని ముందు నిలబడటం తెలిసినవాళ్లు. వాళ్లు నవాబులు, వాళ్లకు తీరిక ఉందంటారా? నిలబడటానికి నవాబీ అక్కర్లేదు. కోచ్ హారన్ కొట్టకపోతే చాలు.

పిల్లలకు ఎక్స్‌పోజర్ వస్తుందంటారు. ఎనిమిది ఊళ్లు చూస్తే ఎనిమిది రెట్లు వస్తుందని లెక్క. పిల్లల బుర్ర అలా పనిచేయదు. వాళ్లకు కావలసింది ఒక్క దారం, దాన్ని పట్టుకుని లాగుతూ పోతారు. చూడండి, బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన గుర్తించింది ఇక్కడే. పీసా నుంచి రోమ్‌కు తీరం వెంబడి పోయే దారిలో మరెమ్మా అనే ప్రాంతం వస్తుంది. శతాబ్దాల పాటు మలేరియా భయంతో జనం ఆ తీరాన్ని వదిలి గుట్టల మీద ఊళ్లు కట్టుకున్నారు. రాస్ తర్వాతి ఏడాదే ఇటలీ శాస్త్రవేత్త గ్రాస్సీ బృందం మనుషులకు మలేరియా ఎక్కించేది అనాఫిలిస్ దోమ అని తేల్చింది. ఇటలీ మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1970లో ప్రకటించింది. ఈనాడు మనం గొడుగులేసుకుని కూర్చునే ఇసుక తీరాలు ఒకనాడు జనం ఉండలేని చోట్లు. బేగంపేట పిల్లకు ఈ ఒక్క సంగతి చెప్పి, మరెమ్మాలో గుట్ట మీది పాత ఊరినుంచి కింద సముద్రాన్ని చూపిస్తే ఆ పిల్ల పదేళ్లు మర్చిపోదు. కోచ్‌లో ఆ ప్రాంతం రెండు గంటల్లో దాటిపోతుంది, అప్పుడు పిల్లలందరూ నిద్రలో ఉంటారు.

ఇంకొక నష్టం ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మధ్యధరా తీరంలో ఊరికి ప్రాణం వచ్చేది సాయంత్రం. మధ్యాహ్నం చిన్న దుకాణాలు మూసేస్తారు. ఎండ వాలాక తలుపులు తెరుస్తారు. ఆరున్నర, ఏడు నుంచి ముసలివాళ్లు, పసిపిల్లలు, జంటలు, అందరూ వీధిలోకి వచ్చి ఊరికే అటూ ఇటూ నడుస్తారు. తొమ్మిదింటికి తింటారు. నానమ్మను చేయిపట్టుకుని నడిపించే మనవలు అక్కడ వీధి వీధికీ కనిపిస్తారు, మనం అక్కడ పరాయివాళ్లలా అనిపించం. సరిగ్గా ఆ వేళకే ప్యాకేజీ కుటుంబాన్ని ఏడున్నరకు ఇండియన్ డిన్నర్ అని లోపల కూర్చోబెడతారు, తర్వాత శివార్లలో హైవే పక్క హోటల్‌కు తోలుకుపోతారు. పగలు ఎండలో మూసి ఉన్న ఊరిని చూస్తారు, రాత్రి తెరిచిన ఊరిని చూడరు. అలా ఎనిమిది ఊళ్లు.

క్రూజ్ మాట ఎత్తుతారని తెలుసు. ఒక్కసారి పెట్టె విప్పితే చాలు, ఊళ్లే మన దగ్గరికొస్తాయి అంటారు. కోచ్ కన్నా క్రూజ్ నయమే, పెద్దవాళ్లకు మెట్టు దిగే బాధ తగ్గుతుంది. అయినా రోమ్ అని రాసిన చోట ఓడ ఆగేది చివితవెక్కియా రేవులో, అక్కడినుంచి రోమ్ 80 కిలోమీటర్లు. పొద్దున దిగి సాయంత్రానికి ఓడ ఎక్కాలి. అంటే మళ్లీ ఆ సాయంత్రమే పోయింది. పైగా వెనిస్ నడిబొడ్డున పెద్ద ఓడల్ని 2021 ఆగస్టు నుంచి రానివ్వడం లేదు. గ్రీస్ దీవి సాంతోరినిలో రోజుకు ఓడల ప్రయాణికుల సంఖ్యకు 2025 నుంచి ఎనిమిది వేల పరిమితి పెట్టారు.

ఆ ఊళ్ల వాళ్లకు కూడా ఒక నోరుంది కదా. వెనిస్ 2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్ల దగ్గర ఐదు యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టింది. ఊళ్లో రాత్రి బస చేసేవాళ్లకు ఆ రుసుము లేదు. గైడ్ వెంట నడిచే గుంపు పాతికమందిని మించకూడదని, మైకులు వాడకూడదని అదే ఏడాది ఆంక్ష పెట్టారు. ఇటలీలోని అమాల్ఫీ తీరం ఇరుకు రోడ్డు మీదికి పెద్ద కోచ్‌లకు ప్రవేశం లేదు. 2024 జులైలో బార్సిలోనా జనం పర్యాటకుల మీద నీళ్ల తుపాకులతో నీళ్లు చిమ్మారు. అది తప్పే, అతిథి మీద నీళ్లు చల్లడం ఎవరికీ మర్యాద కాదు. కానీ అద్దెలు పెరిగి సొంత వీధిలో ఉండలేకపోతున్నవాళ్ల కడుపుమంట అది. వాళ్లకు ఇంకో బాధ కూడా ఉంది: వస్తారు, వీధి నిండిపోతుంది, గంటలో వెళ్లిపోతారు, మా కొట్లో కిలో టమాటా కూడా కొనరు. వారం రోజులుండి రొట్టె కొట్టువాడికి ముఖం గుర్తుండిపోయే కుటుంబం మీద ఈ ఫిర్యాదు ఉండదు.

ఇక్కడ ఇంకో పక్షాన్నీ ఖండించాలి. ప్యాకేజీ టూర్లకు వెళ్లేవాళ్లను చూసి నవ్వే చదువుకున్నవాళ్లు మనలో ఉన్నారు. ఆవకాయ మోసుకెళ్తారనీ, కుక్కర్ తీసుకెళ్తారనీ వెక్కిరిస్తారు. నాకు వాళ్ల మాట అసహ్యం. డెబ్బై ఏళ్లు చారన్నం తిన్న మనిషి పరాయి దేశంలో చారన్నం కోరుకోవడంలో తప్పేముంది? ప్యాకేజీ ఎంచుకునేది భయంతో. తిండి దొరకదేమో, భాష రాదేమో, వీసా రాదేమో అని. భయాన్ని వెక్కిరించకూడదు, తీర్చాలి. ఆ భయాన్ని ప్యాకేజీ తీర్చిందా? ఇండియన్ డిన్నర్ అని పెట్టేది రోజూ నాన్, పనీర్, పప్పు మఖనీ. మా పెద్దమ్మకు అదీ పరాయి తిండే. పెరుగన్నంతో పది రోజులు నెట్టుకొచ్చింది. అదే వంటిల్లున్న చిన్న ఫ్లాట్ వారానికి తీసుకుంటే బియ్యం, పెరుగు, టమాటా, ఉల్లిగడ్డ ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. చింతపండు, పొడులు, ఊరగాయ ఇక్కడినుంచి పట్టుకెళ్లొచ్చు. నెయ్యి మాత్రం వద్దు. బయటి దేశాలనుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. ఉదయం తొమ్మిదింటికి నానమ్మ చారు పెడుతుంటే కిటికీలోంచి సముద్రం కనపడాలి. అది ఆమె యాత్ర.

ఒక్క ఊరంటే బోరు కొట్టదా అంటారు. నీస్‌నే తీసుకోండి, పట్టికలో అరగంట ఇచ్చిన ఊరు. సముద్రం ఒడ్డున ఏడు కిలోమీటర్ల నడకదారి, వెంట ఊరికే కూర్చోవడానికి నీలం కుర్చీలు. ఒడ్డున ఇసుక ఉండదు, గులకరాళ్లు. అల వెనక్కి పోయినప్పుడు ఆ రాళ్లు దొర్లే చప్పుడు కుర్చీలో కూర్చున్నవాళ్లకే వినపడుతుంది. పాత ఊళ్లో కూర్ సలేయా అనే సంత, సోమవారం తప్ప రోజూ పొద్దున పూలు, కూరగాయలు. గుమ్మడి జాతి పూలను కట్టలుగా పెట్టి అమ్ముతారు, పిండిలో ముంచి వేయించుకోవడానికి. పక్క సందుల్లో సొక్కా అమ్ముతారు: శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చిన అట్టు. పైన మిరియాల పొడి. వెల్లుల్లి ముట్టని శాకాహారి నానమ్మ కూడా నిశ్చింతగా తినొచ్చు. ఒకరోజు లోకల్ రైలెక్కితే అరగంట లోపే మొనాకో. ఇంకోరోజు అదే దారిలో మాంతోన్. ఇంకాస్త పోతే గంట లోపు ఇటలీ ఊరు వెంతిమిల్యా, శుక్రవారం అక్కడ పెద్ద సంత. ఆ రైలు చాలా దూరం సముద్రాన్ని ఆనుకునే పోతుంది. ఓపిక లేని రోజు నానమ్మా తాతా ఊళ్లోనే ఉండిపోతారు, మిగతావాళ్లు వెళ్లొస్తారు. కోచ్‌లో ఈ వీలు లేదు. అక్కడ ఒకరు అలిసిపోతే ఆ ఒక్కరూ పార్కింగ్‌లో కూర్చోవాలి. మూడు దేశాలూ చూసినట్టే, దేశాల మోజున్నవాళ్లకు అదీ తీరుతుంది. పెట్టె విప్పేది మాత్రం ఒక్కసారే.

నేపుల్స్ దగ్గరి సొరెంటోలో దిగినా ఇంతే. పాంపేకు లోకల్ రైలులో అరగంట, కాప్రి దీవికి పడవలో అంతకన్నా తక్కువ. వేసవి సెలవులకన్నా దసరా సెలవులు మేలు. మే నెలలో ఆ సముద్రం ఇంకా చల్లగా ఉంటుంది, ఎండాకాలమంతా కాగి దసరా నాటికి నీళ్లు వెచ్చగా ఉంటాయి, జనమూ పలచబడతారు. ఒక్క ఊరే అయితే వీసా దరఖాస్తు కూడా తేలిక. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది నియమం. ఒక్కచోట ఒక్క బుకింగ్ చూపిస్తే రాత్రుల లెక్కలో తికమక రాదు.

చివరికి మిగిలేది ‘మళ్లీ వెళ్తామా’ అన్న మాట. వెళ్లొచ్చు. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ భారతీయులకు వీసా నియమాలు మార్చింది. మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడినవాళ్లకు ఎన్నిసార్లైనా వెళ్లొచ్చే రెండేళ్ల వీసా ఇవ్వొచ్చు. ఆ తర్వాత పాస్‌పోర్టుకు గడువుంటే ఐదేళ్లది. నలభై ఏళ్ల దంపతులకు ఇది ఒక్కసారి ప్రయాణం కానే కాదు. ఈసారి నీస్, రెండేళ్లాగి సొరెంటో, ఆ పైన గ్రీస్‌లో ఒక్క దీవి.

డెబ్బై ఐదేళ్ల వాళ్లకు మాత్రం ఇదే మొదటిదీ చివరిదీ కావచ్చు, ఒప్పుకుంటాను. వాళ్ల పేరు చెప్పే కదా అన్ని ఊళ్లూ ఇందులోనే కుక్కుతున్నారు, పాపం అమ్మకు మళ్లీ వీలుపడదు అని. వీలుపడదు కాబట్టే ఆ అమ్మకు పదహారు వందల కిలోమీటర్ల హైవే కాకుండా ఒక్క ఒడ్డు కావాలి, ఆ ఒడ్డున తొమ్మిది పొద్దులు కావాలి. ఆఫీసులో కూర్చున్నప్పుడు ఎన్ని దేశాలని కాకుండా ఒక్కో ఊళ్లో ఎన్ని రాత్రులని అడగండి. ఒకటి అని చెప్తే లేచి వచ్చేయండి. అదే రోడ్డు మీద ఇంకో పది ఆఫీసులున్నాయి. అడిగేవాళ్లు పెరిగితే వాళ్లూ మార్చుకుంటారు. ఈలోపు ఇంట్లో అమ్మనే అడిగి చూడండి, సముద్రం దగ్గర ఎన్నాళ్లుంటావని.